ఆయన వైపు వంపు

నమోదు 1
వంపు: మూడు గీతలు, నా వైపు

వంపు పుస్తకం ఇకనుంచి నేనే రాయాలని వరస ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇన్నాళ్లూ ఏలియా రాసేవాడు. మా ఆయన. వానల్లో జ్వరం తగిలి పోయాడు. ఇలా రాస్తుంటే ఎవరి గురించో రాస్తున్నట్టుంది.

పుస్తకమని పేరే గానీ ఇది నా మంచం పక్క గోడకు బిగించిన పలక. మాట్లాడితే తానే రాసుకుంటుంది. నేను వేలితో రాస్తున్నాను. గోడతో మాట్లాడేంత దూరం ఇంకా రాలేదు.

ఎలా రాయాలో తెలుసుకుందామని ఆయన రాసిన పాత పేజీలు చూశాను. తూర్పు, పడమర అని రాయమంటే ఈయన "నా వైపు", "వజ్రం వైపు" అని రాశాడు. వజ్రం నేనే. ఆఫీసు వాళ్లు ఎన్నిసార్లు మందలించినా మారలేదు. నేనూ అలాగే రాస్తాను. ఈ వయసులో దిక్కులు నేర్చుకునే ఓపిక నాకు లేదు.

కొలవడం పెద్ద పనేం కాదు. ఇంటి మధ్యలో, ఆ గోడనుంచి ఈ గోడదాకా నేలలో ఒక గాడి ఉంటుంది. గాడిలో ఇనప గోలీ. తెల్లారి కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, గోలీ ఏ గీత మీద ఉందో చూడాలి. దిగి నడిస్తే ఇల్లు కదిలి లెక్క తప్పుతుంది. ఏడో గీత దాటితే గంట మోగుతుంది. గంట మోగిన ఇంటిని వరసలోంచి విప్పేస్తారు. లేకపోతే తాళ్లతో కట్టిన పక్కిళ్లను కూడా అది తనతోపాటు నీళ్లలోకి లాగేస్తుంది.

ఇవాళ గోలీ నా వైపు మూడో గీత మీద ఉంది. ఆయన బరువు పోయింది కదా, ఆయన వైపు పైకి లేచింది.

నమోదు 2
వంపు: మూడు గీతలు, నా వైపు

పొద్దున బెండుకు గంజి పోశాను. రెండు మూలల్లోనూ చెరో కన్నం ఉంది. ఆయన వైపు కన్నం ఆయన పని, నా వైపుది నాది. ఇప్పుడు రెండూ నేనే పోయాలి. పోశాను.

పెద్దనీటి మీద ఇళ్లన్నీ ఈ బెండు మీదే తేలుతాయి. అది బతికున్న వస్తువు. గంజి తాగుతుంది, పెరుగుతుంది, చీలికొస్తే తానే పూడ్చుకుంటుంది. ఎక్కడ రోజూ బరువు పడుతుందో అక్కడ మందంగా తయారవుతుంది. మనిషి బరువును అలా నేర్చుకుంటుంది. అందుకే పెళ్లయిన రోజునే రెండు మంచాలూ చెరో గోడకు వేస్తారు. ఇక పోయేదాకా ఎవరి వైపు వాళ్లదే. మధ్యలో ఎవరూ పడుకోరట. పక్కింటి సువార్తమ్మ వదినకు నలుగురు పిల్లలు, కాబట్టి ఆ మాట నేను పూర్తిగా నమ్మను.

ఆ వదినే మధ్యాహ్నం వచ్చింది, బరువు కూర్చోవడానికి. ఇంట్లో మనిషి పోతే పక్కవాళ్లు వంతులవారీగా వచ్చి ఆ మనిషి మంచం మీద కూర్చుంటారు. బెండు నెమ్మదిగా ఆ బరువును మరిచిపోయేదాకా కూర్చుంటారు. బరువు ఇచ్చినవాళ్లు ఆ సంగతి మళ్లీ ఎత్తకూడదు. నోటితో చెప్పుకుంటే ఇచ్చినట్టు కాదట.

"జరుగమ్మా, ఇయ్యాల నా వంతు. రేపు మా యేసోబు వస్తాడు," అంది.

"వద్దు వదినా."

"వద్దంటే ఎట్టానే? బెండుకి తెలియొద్దూ మనిషి పోయాడని? ఒక్కసారే ఖాళీ అయిపోతే అది బెంగెట్టుకుంటది."

"బెండుకి బెంగేంటి?"

"ఏం, నీకు లేదా?"

లేదని చెప్పాను. అబద్ధం కాదు. పంటికి మత్తు సూది వేసినట్టుంది నాకు. చెంప నాదే, తట్టి చూసుకుంటే తెలియడం లేదు. అయితే ఆయన మంచం మీద ఇంకొకరు కూర్చుంటే మాత్రం చూడలేను. ఆ మాట కూడా చెప్పాను.

వదిన గుమ్మం వైపు తిరిగింది. "నీ ఇష్టం," అని వెళ్లిపోయింది. వదిన అలా అందంటే తను అనుకున్నదే చేస్తుందని వరసంతటికీ తెలుసు. ఈసారి ఏమీ చేయలేదు. మళ్లీ రాలేదు.

నమోదు 3
వంపు: లేదు

ఖాళీ మంచినీళ్ల డ్రమ్మును ఈడ్చుకెళ్లి ఆయన మంచం పక్కన పెట్టాను. ఒక బిందె పోయడం, వచ్చి నా మంచం మీద పడుకుని గోలీ చూడటం, మళ్లీ లేచి ఇంకో బిందె. నాలుగో బిందెకు గోలీ మధ్యకొచ్చి ఆగింది.

ఆయన నాలుగు బిందెలన్నమాట.

ఎవరైనా వస్తే డ్రమ్ము అక్కడెందుకని అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది. ఆయన వైపుకు అడ్డంగా దుప్పటి కట్టేశాను. సగం ఇల్లు కనపడకుండా పోయింది. మిగతా సగం నాకు చాలు.

నమోదు 7
వంపు: మూడు గీతలు, ఆయన వైపు

నిన్నటిదాకా సరిగ్గా ఉంది. ఇవాళ లేచేసరికి మూడు గీతలు, అదీ అటువైపు. గోలీని తుడిచి పెట్టాను. మళ్లీ అక్కడికే దొర్లింది.

నిన్న సాయంత్రం అడుగున ఏదో తగిలిన చప్పుడైంది. పెద్దనీరు వెనక్కి తీసినప్పుడల్లా మునిగిన పాత ఊళ్ల నుంచి తాటిమొద్దులు, గుమ్మాలు కొట్టుకొస్తుంటాయి. అలాంటిదే అనుకున్నాను. బెండుకు దెబ్బ తగిలిందేమో.

ఒక బిందె, రెండు బిందెలు తీసేస్తే వంపు తగ్గుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. తీయలేదు. నాలుగు బిందెలంటే నాలుగు బిందెలే.

యేసోబు కట్ట పనికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడు. వదిన వాళ్ల పెద్దవాడు. ఇళ్ల అడుగున మునిగి నాచు గీకే పని వాడిది. ఇప్పుడు దక్షిణాన సముద్రపు గోడ కడుతున్నారు, మునగడం వచ్చినవాళ్లందరినీ పిలుస్తున్నారు. ఆ పని అయ్యేదాకా తిరిగి రానివ్వరు.

"అత్తా, ఇల్లు ఎట్టా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది."

నవ్వాడు. ఇల్లు బాగుంటే వాడికెందుకు నవ్వో అర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా లేకపోయింది.

నమోదు 15
వంపు: నాలుగు గీతలు, ఆయన వైపు

కరెంటిచ్చే ఎండరేకు మీద ఉప్పు గీకాను. మంచినీళ్లు పట్టే మంచువల ఉతికి ఆరేశాను. బియ్యం డ్రోను వచ్చింది. సంచి ఇంకా ఇద్దరి లెక్కనే వస్తోంది. ఆఫీసుకు చెప్పాలి. మిగిలిన బియ్యం కూడా గంజి కాచి ఆయన వైపు కన్నంలో పోస్తున్నాను. తాగుతోందో లేదో తెలియదు. నీరసించినవాళ్లకు గంజి పోయడం తప్ప నాకు వేరే వైద్యం రాదు.

ఇవాళ చెంచా నేలమీద పడి దొర్లుకుంటూ దుప్పటి కిందికి పోయింది. తీసుకురాలేదు. ఇంకో చెంచా ఉంది.

నమోదు 22
వంపు: అయిదు గీతలు, ఆయన వైపు

తూకం ఆఫీసరు వచ్చింది. పేరు ప్రణవి. చిన్నది, పద్ధతైన పిల్ల. చెప్పులు పడవలోనే విప్పి లోపలికొచ్చింది. పెట్టెలాంటి యంత్రాన్ని నేలకు ఆనించి, దానికి చెవి పెట్టి విన్నది.

"రికార్డు ప్రకారం పడమర ఖాళీ కదండీ?"

"ఖాళీనే," అన్నాను. పడమరంటే ఆయన వైపు, మనిషి గురించి అడుగుతోందనుకున్నాను.

"ఖాళీగా ఉండి కూడా దిగిపోతోందంటే బెండు కుళ్లుతోందండీ. మనిషి పోయాక కొన్ని ఇళ్లలో అలా అవుతుంది. ఎందుకో మాకూ సరిగ్గా తెలియదు." యంత్రం సర్దుకుంటూ, "మీరు గట్టు ఇంటికి దరఖాస్తు పెట్టుకున్నారు కదా, ఇలాంటి కేసుల్లో ముందు ఇస్తారు. నేను రాస్తాను," అంది.

రాయమన్నాను.

గట్టు మీద ఇల్లు కావాలన్నది నేనే. ఏటా దరఖాస్తు పెట్టింది నేనే. గట్టంటే నీళ్లు ఎక్కని కొండ. అక్కడ ఇళ్లు కదలవు, గంజి అడగవు. ఏలియా నవ్వేవాడు. "అక్కడ గోలీ ఎటూ దొర్లదంట వజ్రం. మరి పొద్దున్నే లేచి ఏం చూస్తాం?" అనేవాడు. ఈయనతో ఇక్కడే కుళ్లిపోతానని నేను విసుక్కునేదాన్ని. కుళ్లుతున్నది ఇల్లు. నేను నిక్షేపంలా ఉన్నాను.

నమోదు 27
వంపు: అయిదున్నర, ఆయన వైపు

గట్టు ఇల్లు వచ్చింది. చూడమని పడవ పంపించారు.

ఎదురు చూసినంత బాగుంది. అబద్ధం చెప్పకూడదు. కుళాయి తిప్పితే నీళ్లు. ఉప్పు లేని గాలి. కిటికీలోంచి చూస్తే కింద పెద్దనీరు, దాని మీద మా వరసలు చిన్న చిన్న పేలికల్లా కనిపించాయి. తాళంచెవి ఇచ్చినాయన గోడమీద చెయ్యి పెట్టి మూడు రంగులు మార్చి చూపించాడు.

"ఏ రంగు కావాలండీ?"

"ఏదైనా."

అతను చిన్నబుచ్చుకున్నాడు. పాపం, ఇల్లు చూసి జనం ఏడ్చి దండం పెట్టడం అలవాటై ఉంటుంది.

అతను బయటికెళ్లాక గదంతా తిరిగాను. నేల గట్టిగా ఉంది, కాళ్లు తేలిపోతున్నట్టు వికారంగా అనిపించింది. ఈ గోడ దగ్గర నిలబడ్డాను. ఆ గోడ దగ్గర నిలబడ్డాను. మధ్యలో గెంతాను కూడా. నేను ఎక్కడున్నా ఆ నేలకు తేడా లేదు. కాసేపు పడుకుని చూద్దామని ఒరిగాను. లేచి చూసుకుంటే, మా ఇంట్లో నా వైపున్నట్టే, తూర్పు గోడకు ఆనుకుని పడుకున్నాను. గదంతా ఖాళీగానే ఉంది.

వస్తానని చెప్పి వేలిముద్ర వేశాను. ఇరవై ఏళ్ల కోరిక తీరింది. తీరితే ఏదో అవుతుందనుకునేదాన్ని. తిరుగు పడవలో ఆకలి మాత్రం వేసింది.

నమోదు 34
వంపు: ఏడు దాటింది

తెల్లారకముందే గంట మోగింది. ఎప్పుడో ఒకప్పుడు మోగుతుందని తెలుసు. అయినా ఆ చప్పుడుకు మంచం పట్టె పట్టుకున్నాను. ఇల్లు మునుగుతున్నట్టు కాదు, ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంది.

సువార్తమ్మ వదిన పరిగెత్తుకొచ్చింది. తన ఇల్లు నా ఇంటికి పడమర పక్కన, ఆయన వైపు. ముందు వంగేది తన ఇల్లే. గుమ్మంలోనే నిలబడి దుప్పటి వంక చూసింది. ఏదో అనబోయి మింగేసింది.

"మీ ఇంటిని కూడా లాగుతోందా వదినా?"

"లాగనీ. నా ఇల్లు నీ ఇంటికన్నా మొండిది." తర్వాత గొంతు తగ్గించి, "ఎట్టా పోశావే గంజి? సరిగ్గా పోశావా?" అంది.

"పోశాను. నీ లెక్కకన్నా ఎక్కువే పోశాను."

"మరి ఎందుకు కుళ్లిందే?" అని నా మీద అరిచింది. అరుస్తూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను ఏడుస్తోంది. నాకు ఏమీ రాలేదు. పక్కవాళ్లు తింటుంటే ఆకలి లేకుండా కూర్చున్నట్టు కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ప్రణవి కబురు పంపింది. వచ్చే శనివారం ఇల్లు విప్పుతారు. తాళ్లు కోసి, బెండును ముక్కలు చేసి ఎరువు పడవకు ఎక్కిస్తారు. నా సామాను గట్టుకు చేరుస్తారు.

ఇది రాయాలో లేదో తెలియడం లేదు, రాస్తున్నాను. ఇల్లు పోతే పోయింది. నన్ను తినేస్తున్నది వేరు. ఆయన పడుకున్నచోట బెండు ఆయనంత మందంగా ఉంటుంది. ఇన్నేళ్లూ ఆయన బరువు మోసి మోసి ఆ వంపు తిరిగింది. ఆయన ఫోటోలో ముఖం చూస్తే నాకు ఏమీ కలగడం లేదు. ఆయన ఎంత బరువుండేవాడో గుర్తుపెట్టుకున్నది ఆ బెండు ఒక్కటే. దాన్ని ముక్కలు కోసి ఎరువు చేస్తారు.

ఆపమని ఎవరికి చెప్పాలో తెలియలేదు. కుళ్లినదాన్ని ఉంచమని ఏ ముఖంతో అడగను?

నమోదు 38
వంపు: ఏడు దాటే ఉంది

సర్దుతున్నాను. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. గంట గొంతు నొక్కడానికి గుడ్డ చుట్టాను, అయినా గొణుగుతోంది.

వదిన వచ్చి యేసోబుకు కబురు చేశానంది. కట్ట పనిలో బతిమాలి సెలవు తీసుకున్నాడట, రేపు వస్తాడట.

"ఎందుకు వదినా, పాపం వాడికి పని పాడు."

"వాడు రావాల. రాకుండా ఇల్లు ఇప్పకూడదు," అంది. ఎందుకని అడిగితే నా మూట ముడి బిగించసాగింది. సామాను మోయడానికేమో అనుకున్నాను.

నమోదు 39
వంపు: కింద రాశాను

ఇవాళ్టిది పొడుగ్గా ఉంటుంది. ఆఫీసు వాళ్లు చదివితే చదవనీ.

ఇల్లు విప్పేముందు నీళ్లన్నీ పారబోయాలని నియమం. పొద్దున దుప్పటి విప్పాను. ఆయన మంచం, దాని పక్కన డ్రమ్ము, కింద నా చెంచా. డ్రమ్ములోంచి ఒక్కో బిందె తీసి కిటికీలోంచి పోశాను. నాలుగు బిందెలు. ఆఖరిది పోసేటప్పుడు చెయ్యి ఆగింది. ఆగినంత మాత్రాన ఏమవుతుంది, పోశాను.

గంట గొణుగుడు ఆగిపోయింది.

వెళ్లి నా మంచం మీద పడుకుని చూశాను. నాలుగు గీతలు, ఆయన వైపు. కుళ్లిన బెండుకు లేచే శక్తి ఎక్కడిది? అలా చూస్తూ ఉండగానే బయట పడవ తగిలింది. యేసోబు దిగాడు, వెనకే వదిన. వాడు నా ముఖం చూడకుండా, చొక్కా విప్పేసి ఆయన వైపు నీళ్లలోకి దూకాడు.

"ఏంటి వదినా వీడు?"

"ఇచ్చినోళ్లే ఇప్పుకోవాలమ్మా. ఇప్పకుండా ఇల్లు కోస్తే పోయినోడికి నిద్రుండదు," అంది. అనేసి నాలుక కరుచుకుంది.

యేసోబు పైకి తేలాడు. "అమ్మా! తాడు! తాడియ్యి! నా ఒక్కడి వల్ల కాదు!" అని కేక పెట్టాడు.

ముగ్గురం లాగాం. వల సంచి ఒకటి పైకొచ్చింది. సంచి అనడానికి లేదు. ఒళ్లంతా బతికున్న ఆల్చిప్పలు, ఒకదాని మీద ఒకటి, నల్లగా, ముద్దలు ముద్దలుగా. పొయ్యిలోకి పనికొచ్చే మొద్దంత ఉంది. దాని వెనకే రెండోది, మూడోది. తాళ్లకు కూడా పట్టేశాయి. లోపల ఎక్కడో రాళ్లున్నాయట.

"నేను మూడు సంచుల రాళ్లే కదా కట్టింది," అంటున్నాడు యేసోబు, రొప్పుతూ. "నేను పోయినాక ఇవన్నీ వచ్చి కూర్చున్నాయి. అత్తా, నేను పోయేటప్పుడు ఇల్లు బాగుందన్నావు కదా!"

"మనిషినైతే కూర్చోనియ్యనన్నావు," అంది వదిన. "రాళ్లని కూడా వద్దంటావా? ఆ పక్కంతా ఖాళీగా ఉంది కదా, తమ్ముడు ఏలియా అంత బరువు కింద కట్టిరారా అని నేనే పంపా. కట్టింది చెప్పకూడదు. నువ్వు తలుపు తియ్యవు, దుప్పటి తియ్యవు..." అంటూ లోపలికి తొంగిచూసి ఆగిపోయింది. మంచం పక్కన ఖాళీ డ్రమ్ము చూసింది.

"అదేందే?"

"డ్రమ్ము."

"డ్రమ్మని తెలుసు. అక్కడెందుకుంది?"

"నాలుగు బిందెలు పోశాను. ఆయనంత."

వదిన డ్రమ్ము వంక, తర్వాత నీళ్ల వంక చూసింది. 

"అయితే ఇన్నాళ్లూ అక్కడ ఇద్దరు ఏలియాలు పడుకున్నారా?" అంది.

"పైన ఒకడు, కింద ఒకడు," అన్నాడు యేసోబు నీళ్లలోంచి.

"చెప్పొద్దా ముండా?" అని వదిన నా మీదికొచ్చింది.

"నువ్వు చెప్పొద్దా?"

"ఇచ్చిన బరువు చెప్పకూడదే!"

"నాకేం తెలుసు మీరు ఇచ్చారని!"

అలా అరుచుకుంటున్నాం. వరసంతా గుమ్మాల్లోకి వచ్చింది. వదినే ముందు నవ్వింది. నాకు నవ్వు వచ్చిందో లేదో చెప్పలేను, నోటిలోంచి ఏదో చప్పుడైతే వచ్చింది. చాలా రోజులైంది కదా, అది ఏమిటో గుర్తుపట్టలేకపోయాను.

అప్పుడు వెళ్లి పడుకుని గోలీ చూశాను. మూడు గీతలు, నా వైపు. ఆయన పోయినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బెండు కుళ్లలేదు. నెలరోజులకు పైగా ఇద్దరి గంజి అదొక్కటే తాగి దుక్కలా ఉంది.

సాయంత్రం ప్రణవి వచ్చింది. యంత్రం పెట్టి విన్నది. ఆల్చిప్పల గుట్ట చూసింది, డ్రమ్ము చూసింది. ఇద్దరం చెప్పింది విని నుదురు కొట్టుకుంది. "లెక్కలో లేని బరువు ఉందేమో అని నేనూ అడగాల్సిందండీ," అంది.

"ఇప్పుడు విప్పుతారా?"

"మూడు గీతలకు ఎవరు విప్పుతారు? కాకపోతే పడమర కాస్త బరువు చూపించాలి. కానీ గట్టు ఇల్లు మీ పేరు మీదే ఉంది. రేపు ఉదయందాకా మీదే. ఒకసారి వదులుకుంటే ఇలా ముందు రాదు. బాగా ఆలోచించి చెప్పండి."

ఆలోచించడానికి ఏముందో నాకు తెలియలేదు. ఆ ఇల్లు మంచి ఇల్లే, నాకు నచ్చకపోవడం ఏమీ లేదు. ఆ ఇంట్లో నేను ఎక్కడ కూర్చున్నా ఒకటే. ఇక్కడ నేను పక్కకు ఒత్తిగిల్లితే ఇంటికి తెలుస్తుంది. పక్కింటికి కూడా తెలుస్తుంది.

"ఎవరైనా పిల్లలున్నవాళ్లకు ఇవ్వండి అమ్మా," అన్నాను.

"ఖాయమేనా?"

"గోడ ఏ రంగు కావాలో కూడా వాళ్లనే అడగండి."

ఆమె వెళ్లాక వదిన గుమ్మంలో తచ్చాడుతోంది. లోపలికి రాదు, పోదు. నేను దుప్పటి మడతపెట్టి పెట్టెలో పెట్టాను.

"రా వదినా. కూర్చో."

"ఎక్కడ?"

"నీకు తెలుసు ఎక్కడో."

వచ్చి ఆయన మంచం మీద కూర్చుంది. మంచం కిర్రుమంది. నేను నా మంచం మీదికెళ్లి కూర్చున్నాను. గోలీ మెల్లగా దొర్లి మధ్యకొచ్చింది. నేను చూడగలిగాను. చూడలేననుకున్నాను గానీ, చూడగలిగాను. కాసేపటికి వదిన, ఆల్చిప్పలు పాడైపోతాయి, పొయ్యి మీద పడేయాలి అంటూ లేచింది. వరసంతటికీ సరిపోతాయట.

నమోదు 40
వంపు: కింద రాశాను

ఇవాళే రెండో నమోదు. వదిన కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు.

రేపటినుంచి వంతులవారీగా వస్తామన్నారు. రండి అన్నాను. ఈలోపు గోలీ మళ్లీ నా వైపుకొచ్చింది. నా మంచం మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. ఆయన వైపు మందంగా ఉంది. నా వైపూ అంతే మందంగా ఉంది. ఇద్దరం ఒకేలా పెంచాం. మరి ఎందుకు వంగాలి?

డ్రమ్ము పెట్టాను. వాళ్లు రాళ్లు కట్టారు. ఆల్చిప్పలు వాటంతటవే వచ్చాయి. ఇంత జరిగినా నేను మాత్రం ఈ గోడ దగ్గరనుంచి లేవలేదు. ఖాళీ గట్టు ఇంట్లో కూడా గోడనే అంటుకున్నాను.

లేచాను. నా మంచాన్ని ఈడ్చాను. ఇన్నేళ్లు ఒకేచోట ఉన్న మంచం, కాళ్లు నేలకు అతుక్కుపోయాయి, గీరుకుంటూ వచ్చింది. గాడి మీద, ఇంటికి నట్టనడుమ వేశాను. పలకను కూడా గోడనుంచి ఊడదీసి ఇక్కడికే తెచ్చుకున్నాను. ఇప్పుడు గోలీ చూడాలంటే మంచం మీద బోర్లా పడుకుని తల కిందికి వంచాలి. వంచి చూశాను.

మధ్య గీత మీద ఉంది. డ్రమ్ములో నీళ్లు లేవు, రాళ్లు లేవు, వదిన లేదు. కదలకుండా ఉంది.

వెల్లకిలా తిరిగి చేతులు చాపాను. ఒక చెయ్యి ఆయన వైపు, ఒక చెయ్యి నా వైపు. అప్పుడు వచ్చింది ఏడుపు. వానాకాలంనుంచి రానిది, ఇవాళ పొద్దున బిందె పారబోసినప్పుడు కూడా రానిది. నోరు తెరిచి, పెద్దగా, ఏలియా అని పిలుస్తూ ఏడ్చాను. పక్కింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఎవరూ రాలేదు. కాసేపటికి మళ్లీ గరిటె మొదలైంది.

నా ఏడుపుకు ఇల్లంతా ఊగింది. వంగలేదు.